ఎవరి ఉప్పు ఎవరు తిన్నారు?

2024 జూన్ 4 సాయంత్రానికి లెక్కలు తేలిపోయాయి. 2019లో 175 స్థానాలకు 151 గెలిచి, ఈసారి ‘వై నాట్ 175’ అంటూ బరిలోకి దిగిన పార్టీకి 11 మిగిలాయి. ఉమ్మడి అనంతపురం జిల్లాలో 2019లో 14కి 12 గెలిచిన ఆ పార్టీకి ఈసారి ఒక్కటీ దక్కలేదు. ఇంత తేడాని గెలిచినవాళ్ళు కూడా ఊహించలేదనే అనుకుంటాను.

ఆ సాయంత్రం జగన్‌మోహన్‌రెడ్డి విలేకరుల ముందుకు వచ్చి అమ్మఒడి, ఆసరా, చేయూత అందుకున్న అక్కచెల్లెమ్మలు ఎన్ని లక్షల మందో ఒక్కొక్కటే చెప్పి, ఆ ప్రేమంతా ఏమైపోయిందో తెలియడం లేదని ఆవేదనపడ్డారు. ఓడిన మనిషి బాధను తప్పుపట్టాల్సిన పనిలేదు. కానీ అదే ప్రశ్న ఊళ్ళలోకి దిగేసరికి మర్యాద వదిలేసుకుంది. ఆ తరువాతి వారాల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మధ్య తిరుగుతున్నప్పుడు బస్సుల్లో, టీ అంగళ్ళ దగ్గర నాకు వినబడిన మాట ఒక్కటే. “ఆడోళ్ళకి ఇంత పెడితే, తిని మోసం చేసినారు సూడు!” ఈ మాట అన్నవాళ్ళలో ఆ పార్టీకి ఓటేయని మగవాళ్ళు కూడా ఉండటం నాకు విచిత్రంగా తోచింది. వాళ్ళ పార్టీ గెలిచినందుకు సంతోషం ఒకవైపు, ఆడవాళ్ళు ‘విశ్వాసం’ తప్పారన్న వెక్కిరింపు ఒకవైపు.

చదివింది సాహిత్యం కాబట్టి నాకు మాట మీదే ముందు చూపు పోతుంది. విశ్వాసం అనే మాటకు మన భాషలో రెండు అర్థాలున్నాయి. ఒకటి నమ్మకం. అది సమానుల మధ్య ఉండొచ్చు. రెండోది ఉప్పు తిన్న విశ్వాసం. అది జీతగాడికి యజమాని పట్ల, కుక్కకి ఇంటివాడి పట్ల ఉండాల్సినది. ఓటరు గురించి మాట్లాడేటప్పుడు, ముఖ్యంగా ఓటరు స్త్రీ అయినప్పుడు, మనం చాలా తేలిగ్గా మొదటి అర్థంలోంచి రెండో అర్థంలోకి జారిపోతాం. ప్రభుత్వం ఖర్చుపెట్టేది ఎవరి ఇంటి ఉప్పు కాదని అందరికీ తెలుసు. అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నది ఆ ఆడవాళ్ళే. అయినా ఖాతాలో డబ్బు పడగానే ఆమె పౌరురాలు కాకుండా పోయి ‘లబ్ధిదారు’ అవుతుంది. లబ్ధిదారు మీద రుణం ఉంటుంది. రుణం తీర్చే రోజు పోలింగు రోజు.

ఇది ఒక్క పార్టీ భాష అనుకుంటే పొరపాటు. పెనుకొండనే తీసుకోండి. పట్టణానికి దగ్గర్లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీకి 2017లో ఒప్పందం కుదిరింది. 2019 జనవరిలో, ఎన్నికలకు కొద్ది నెలల ముందు, తొలి కారు బయటికి వచ్చింది. ఎండిన చెరువులు, వేరుశనగ చేలు తప్ప మరొకటి ఎరగని ప్రాంతానికి అంత పెద్ద ఫ్యాక్టరీ రావడం మామూలు విషయం కాదు. అయినా ఆ ఏడాది పెనుకొండలో తెలుగుదేశం ఓడిపోయింది, 2009, 2014లలో వరుసగా గెలిచిన బి.కె. పార్థసారథి ఓడిపోయారు. అప్పుడు ఇదే మాట అటువైపు నుంచి విన్నాం. “కియా తెచ్చినా ఓటెయ్యలేదు, ఈ జనానికి ఎంత చేసినా అంతే.” 2019లో అభివృద్ధికి కృతజ్ఞత లేదన్నారు, 2024లో సంక్షేమానికి కృతజ్ఞత లేదన్నారు. నేలని ఇచ్చినవాళ్ళకు, గేటు దగ్గర కాంట్రాక్టు పనికి నిలబడినవాళ్ళకు, బడి డబ్బులు అందుకున్నవాళ్ళకు తమవైన లెక్కలు ఉంటాయని రెండుసార్లూ ఎవరికీ తోచలేదు. బ్రిటన్‌లో యుద్ధం గెలిచిపెట్టిన చర్చిల్‌ని 1945 జులైలో అక్కడి ఓటర్లు ఇంటికి పంపితే చరిత్రకారులు దాన్ని ప్రజల పరిణతి అని రాశారు. మన దగ్గర మాత్రం అదే పని ‘ఉచితాలు మరిగిన జనం’ చేసిన ద్రోహమవుతుంది.

మా జిల్లాకు ఊహించని ఫలితాలు కొత్త కాదు. 1952 ఎన్నికల్లో అనంతపురంలో నీలం సంజీవరెడ్డిని ఓడించింది స్వయానా ఆయన బావమరిది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి. ఈ కథని ఎన్నో చోట్ల చదివాను. అందరూ బావాబావమరుదుల గురించే రాశారు. ఒకరికి భార్య, మరొకరికి తోబుట్టువు అయిన నాగరత్నమ్మ ఏమనుకుందో రాసినవాళ్ళు నాకు కనబడలేదు. ఆ తొలి ఎన్నికల్లోనే, ఎక్కువగా ఉత్తరాది రాష్ట్రాల్లో, సొంత పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని రాయించుకున్న దాదాపు 28 లక్షల మంది స్త్రీల పేర్లని ఓటర్ల జాబితా నుంచి తీసేశారు. ‘అక్కచెల్లెమ్మలు’, ‘ఆడబిడ్డలు’, ‘తల్లులు’ అని మనల్ని చుట్టరికంతో పిలిచే ప్రతి పథకం పేరు విన్నప్పుడూ నాకు ఆ 28 లక్షల మంది గుర్తొస్తారు.

హిందూపురం సంగతి వేరు. తెలుగుదేశం పుట్టిన దగ్గర్నుంచీ అక్కడ అసెంబ్లీకి ఆ పార్టీ ఓడింది లేదు. 1985, 1989, 1994లలో ఎన్.టి.రామారావు, 2014 నుంచి ఆయన కుమారుడు బాలకృష్ణ. మార్పు లేని ఊరు కాబట్టి ‘ఊహించని ఫలితం’ గురించి చెప్పేందుకు అక్కడేమీ ఉండదని అనుకుంటాం. నాకు మాత్రం ఈ మొత్తం కథకు కీలు హిందూపురంలోనే ఉందనిపిస్తుంది.

కిలో రెండు రూపాయల బియ్యం 1983లో వచ్చింది. ఆరేళ్ళు ఆ బియ్యం వండుకున్న రాష్ట్రం 1989లో ఎన్.టి.ఆర్.ని దించేసింది. కల్వకుర్తిలో ఆయన స్వయంగా ఓడిపోయి, హిందూపురం నిలబెట్టింది కాబట్టి అసెంబ్లీలో అడుగుపెట్టగలిగారు. అప్పుడూ ‘బియ్యం తిని’ అన్న మాట పుట్టింది. తరువాతి అయిదేళ్ళలో జరిగింది చరిత్రలో ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, ఆమెతోటి ఆడవాళ్ళూ సారా దుకాణం మూయించారు. రాత్రిబడి వాచకంలోని సీతమ్మ కథ చదివిన స్త్రీలు ఆ కథని తమ ఊళ్ళో నిజం చేసుకున్నారు. సాహిత్యం ఏం చేయగలదని నన్నెవరైనా అడిగితే కావ్యాల జోలికి పోను, ఆ వాచకంలోని కాసిన్ని పంక్తుల గురించి చెబుతాను. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. 1994లో సంపూర్ణ మద్యనిషేధం వాగ్దానంతో హిందూపురం నుంచి మళ్ళీ గెలిచిన ఎన్.టి.ఆర్. ప్రమాణస్వీకారం వేదిక మీదే ఆ ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి నిషేధం అమలయింది. అంటే ఆడవాళ్ళు ఉద్యమించి, తమ ఎజెండాని ఒక పార్టీ చేత రాయించి, ఓటేసి, సంతకం పెట్టించుకున్నారు. ఇందులో ఎవరి ఉప్పు ఎవరు తిన్నట్టు?

1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. ఆదాయం పోతోందన్నారు, అక్రమ రవాణా ఆగడం లేదన్నారు. రెండూ అబద్ధం కాదు. హిందూపురానికి కూతవేటు దూరంలో కర్ణాటక సరిహద్దు. అటునుంచి సీసాలూ ప్యాకెట్లూ రావడానికి దారులు లెక్కలేనన్ని. కానీ నిషేధం తెచ్చింది ఆడవాళ్ళ ఓటు, ఎత్తేసినప్పుడు ఆడవాళ్ళని అడిగినవాళ్ళు లేరు. ఈ చిన్న విషయం మన రాజకీయ వ్యాఖ్యాతల జ్ఞాపకంలో లేదు గానీ ఆడవాళ్ళ జ్ఞాపకంలో ఉంది.

అందుకే 2019లో దశలవారీ మద్యనిషేధం అని నవరత్నాల్లో చేర్చినప్పుడు అది కొత్త హామీ కాదు, పాత బాకీ. 2024 నాటికి మద్యం ఫైవ్‌స్టార్ హోటళ్ళకే పరిమితమవుతుందన్నారు. బెల్టుషాపులు మూశారు. 2019 అక్టోబరు నుంచి దుకాణాలని ప్రభుత్వమే నడిపింది. 2020 మేలో ధర మొత్తం మీద 75 శాతం పెంచారు. తాగుడు మాన్పించడానికే ధర పెంచామన్నారు. తాగేవాడు మానలేదు, ఇంట్లో మిగిలే డబ్బు తగ్గింది. పెనుకొండలో పూలు అమ్మే ఒకామె నాకు చెప్పిన లెక్క చాలా సూటిగా ఉంది. “పాప బడిదని నా అకౌంట్లో పదమూడు వేలు ఏసినారు. మా ఆయన చేతిలోనుంచి అంతకు మూడింతలు అంగట్లో గుంజుకున్నారు. ఆ అంగడీ వాళ్ళదే గదమ్మా!” ఒక చేత్తో ఇవ్వడం, ఇంకో చేత్తో తీసుకోవడం అని మనం వ్యాసాల్లో రాస్తాం. ఆమె రెండు చేతులూ ఒకే మనిషివని గుర్తుపట్టింది. కొసమెరుపు ఏమిటంటే, 2024లో గెలిచిన కూటమి మద్యనిషేధం మాటే ఎత్తలేదు. నాణ్యమైన మద్యం తక్కువ ధరకు ఇస్తామని మగవాళ్ళకు మాటిచ్చింది. ఆ మాట మాత్రం నాలుగు నెలల్లో నెరవేరింది. అక్టోబరులో ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి, క్వార్టరు 99 రూపాయలు. రోశమ్మ నుంచి 99 రూపాయల దాకా ముప్ఫై రెండేళ్ళ ప్రయాణం ఇది. ఈ ఎన్నికని స్త్రీల తీర్పు అని సంబరపడేవాళ్ళు ఈ ఒక్క విషయం దగ్గర ఆగి ఆలోచించాలి.

అసలు స్త్రీల తీర్పు అని అనగలమా? ఓటు యంత్రంలో ఆడ ఓటు, మగ ఓటు విడిగా ఉండవు. రాష్ట్రంలో స్త్రీ ఓటర్లు మగ ఓటర్లకంటే ఎక్కువ. పోలింగు 80 శాతం దాటింది. 11 సీట్లకు పడిపోయిన పార్టీకి కూడా 39 శాతం పైగా ఓట్లున్నాయి. ఆ ఓట్లలో ఎన్ని లక్షలు స్త్రీలవో! అంటే ‘మోసం చేసిన ఆడవాళ్ళు’ అని తిట్టేవాళ్ళు తమకు ఓటేసిన ఆడవాళ్ళని కూడా కలిపి తిడుతున్నారు.

ఇక అభ్యర్థుల విషయం. ఈ ప్రాంతంలో 2024 ఎన్నిక ఒక రకంగా స్త్రీల మధ్య, స్త్రీల మీదుగా నడిచింది. హిందూపురం అసెంబ్లీకి బాలకృష్ణ మీద టి.ఎన్. దీపికని నిలబెట్టారు. ఆమె 32 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడింది. హిందూపురం లోక్‌సభకు బళ్ళారి మాజీ ఎంపీ జె. శాంతని తెచ్చారు. ఆమె బి.కె. పార్థసారథి చేతిలో లక్షా ముప్ఫై వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడింది. పెనుకొండలో రెండు వైపులా స్త్రీలే. అప్పటికి స్త్రీ శిశు సంక్షేమ మంత్రిగా ఉన్న ఉషశ్రీ చరణ్‌ని కళ్యాణదుర్గం నుంచి ఇక్కడికి మార్చారు. తెలుగుదేశం నుంచి ఎస్. సవిత. సవిత 33 వేలకు పైగా మెజారిటీతో గెలిచి మంత్రి అయ్యారు. ఇంతమంది స్త్రీలకు టిక్కెట్లు వచ్చాయని మనం సంతోషించాలా? ఎదురు లేని కోట మీదికి ఒకరిని, పక్క రాష్ట్రం నుంచి ఒకరిని, ఇంకో నియోజకవర్గం నుంచి ఒకరిని పంపినప్పుడు, అది స్త్రీల మీద నమ్మకమా, కులాల లెక్కలో చివరికి మిగిలిన గడులు నింపడమా? బయటివాళ్ళు అన్న అభ్యంతరం మగ అభ్యర్థుల విషయంలో ఇంత గట్టిగా వినబడదు. ధర్మవరంలో గెలిచిన సత్యకుమార్ యాదవ్ ఎన్నికకు కొద్ది వారాల ముందే అక్కడికి వచ్చారు.

పెనుకొండకి స్త్రీ ప్రతినిధి కొత్త కాదు. 2005 జనవరి 24న పరిటాల రవి హత్య తరువాత జరిగిన ఉపఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచారు. ముఠాకక్షల నేలలో ఆడమనిషికి రాజకీయాల దారి చాలాకాలం వైధవ్యం గుమ్మంలోంచే ఉండేది. సవిత, ఉషశ్రీ ఆ గుమ్మంలోంచి రాలేదు. ఈ మార్పు చిన్నది కాదు. దాన్ని ఏ పత్రికా శీర్షిక చేయలేదు.

ధర్మవరం దగ్గరే అందరూ ఎక్కువ ఆశ్చర్యపోయారు. ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ అని పొద్దున్నే వీధుల్లో నడుస్తూ, గడప గడపకూ వెళ్ళి సమస్యలు అడుగుతూ, అక్కడికక్కడే అధికారులని నిలదీస్తూ కేతిరెడ్డి వెంకటరామిరెడ్డి చేసిన వీడియోలు రెండు రాష్ట్రాల్లోనూ చూశారు. ఎమ్మెల్యే అంటే ఇలా ఉండాలని హైదరాబాదులో ఉన్నవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. అటువంటి ఆయన 3,734 ఓట్ల తేడాతో ఓడిపోయారు. “అంత మంచి మనిషినే ఓడించారు” అని ఊరి మీద కోపం తెచ్చుకున్నవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

ఆ వీడియోలు కొన్ని నేను వరుసగా కూర్చుని చూశాను. ఎమ్మెల్యే నడిచి రావడం మంచిదే. చాలామంది అదీ చేయరు. కానీ నా కళ్ళు ఆయన ఎదురుగా నిలబడినవాళ్ళ మీదే ఆగిపోయాయి. చాలామంది ఆడవాళ్ళు. పొద్దుటి వేళ, వాకిలి ముందు, జుట్టు ముడేసుకుంటూ, చీర కొంగు సర్దుకుంటూ. కెమెరా అప్పటికే నడుస్తూ ఉంటుంది. పింఛను రాలేదనో, కాలువ నిండిందనో, ఇల్లు లేదనో వాళ్ళు చెప్పుకుంటారు. కొన్నిసార్లు పని అవుతుంది, కొన్నిసార్లు అర్హత లేదని అందరి ముందే తేలుతుంది. చూసే లక్షల మందికి అది జవాబుదారీతనం. ఆ వీధిలో ఉండే ఆమెకి తన లేమి ఊరూరా తిరగడం కూడా. ఆయన ఉద్దేశాన్ని నేను శంకించడం లేదు. చూసేవాళ్ళు వేరు, ఓటేసేవాళ్ళు వేరు అంటున్నాను. వీడియో చూసిన మనకు ధర్మవరంలో ఓటు లేదు.

ఇదే ధర్మవరంలో 2019 డిసెంబరు 21న నేతన్న నేస్తం మొదలైంది. సొంత మగ్గం ఉన్న చేనేత కుటుంబానికి, మగ్గాలెన్ని ఉన్నా ఒక్కరికి, ఏడాదికి 24 వేలు. ఆ డబ్బు చాలా ఇళ్ళని నిలబెట్టింది. కాదనను. కానీ ధర్మవరంలో మగ్గం ఉన్న ఇల్లు వేరు, మగ్గం మీద బతికే ఇల్లు వేరు. హిందూపురం మార్కెట్లో పట్టుగూడు అమ్ముడైన దగ్గర్నుంచి చీర మడతపడేదాకా ఆ దారం ఎందరి చేతుల్లోంచో పోతుంది. దారం తీసేవాళ్ళు, రాట్నం మీద కండెలు చుట్టేవాళ్ళు, పడుగు అతికేవాళ్ళు, కూలి మగ్గం మీద నేసేవాళ్ళు. వీళ్ళలో సొంత మగ్గం లేనివాళ్ళే ఎక్కువగా కనబడ్డారు నాకు. కండెలు చుట్టేది దాదాపు అందరూ ఆడవాళ్ళు, ముసలమ్మలు, బడి మానేసిన ఆడపిల్లలు. పట్టు ధర పెరిగినప్పుడు, మరమగ్గం చీర చేనేత పేరుతో అమ్ముడవుతున్నప్పుడు, షావుకారు ముందు కోసేది వీళ్ళ కూలే. మగ్గం మీద అప్పులతో ప్రాణాలు తీసుకున్న నేతగాళ్ళ వార్తలు ఏళ్ళ తరబడి ఈ ఊరినుంచి వస్తూనే ఉన్నాయి. ఆ ఇళ్ళలో మిగిలిన ఆడవాళ్ళు మళ్ళీ కండెలే చుడుతున్నారు.

2019-20 నాటి నాలుగో అఖిల భారత చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైగా ఉన్న చేనేత కార్మికుల్లో నూటికి 72 మంది స్త్రీలు. అయినా మనం ‘నేతన్న’ అనే అంటాం. పథకానికి పేరు పెట్టేటప్పుడు కూడా అన్నే గుర్తొచ్చాడు.

భూమి సంగతి ఒక్క మాట చెప్పాలి. పొలం పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫోటో, సర్వే రాయి మీద ఆయన పేరు, దానికి తోడు భూహక్కుల చట్టం గురించి ఎన్నికల్లో రేగిన భయం. ఆ భయంలో నిజమెంత, ప్రచారమెంత అన్నది వేరే చర్చ. కొత్త ప్రభుత్వం 2024లోనే చట్టాన్ని రద్దుచేసింది. నాకు తట్టింది ఒకటే. భర్త పోయాక ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగి తన పేరు ఎక్కించుకున్న పుస్తకం మీద ఇంకో మగవాడి బొమ్మ చూసిన స్త్రీకి ఎలా ఉండి ఉంటుంది?

ధర్మవరంలో కండెలు చుట్టే ఒక అక్కతో మాట్లాడుతూ, “అందరూ మీరు విశ్వాసం తప్పినారంటున్నారక్కా” అన్నాను. ఆమె రాట్నం ఆపలేదు. “విశ్వాసమంటే యాడనుంచొచ్చిందమ్మా? ఎవురికేసినానో నేను చెప్పినానా?” అంది. నిజమే, నేనూ అడగలేదు. కాసేపయ్యాక తనే, “మాకు కార్డు లేదు. నేసేటోళ్ళకే కార్డంట. మేము చుట్టకపోతే వాళ్ళేం నేస్తారో!” అంది.

రాష్ట్రంలో చేనేత, జౌళి శాఖ ఇప్పుడు పెనుకొండ శాసనసభ్యురాలు సవిత చేతిలో ఉంది. ధర్మవరం ఎమ్మెల్యే సత్యకుమార్ ఆరోగ్య మంత్రి. 2025 జూన్‌లో తల్లికి వందనం పేరుతో తల్లుల ఖాతాల్లో మళ్ళీ డబ్బు పడింది, ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో బస్సు ఉచితమయింది. పథకాల పేర్లు మారాయి. ధర్మవరం నుంచి పెనుకొండ ఎంతో దూరం లేదు. బస్సు ఉచితమే కదా, ఆమెనే వెళ్ళి మంత్రిగారిని అడగమన్నాను, కండెలు చుట్టేవాళ్ళకి కార్డు ఎందుకివ్వరని. “పోతే ఆ పొద్దు కూలి ఎవురిస్తారు?” అంది.